గోడ మీద చొక్కా ముక్క

సెప్టెంబరు వచ్చిందంటే లోవెల్ హాగెన్ ఉల్లిపాయ ముట్టడు. వెల్లుల్లి సంగతి సరేసరి. ఆ నెల మధ్యలో విల్లుతో దుప్పి వేట మొదలవుతుంది. అప్పటినుంచి అతని వేట బట్టలు వాసన లేని సబ్బుతో విడిగా ఉతకాలి, ఆరాక ఓక్ ఆకులు వేసిన డబ్బాలో పెట్టి మూత బిగించాలి. వేటకు ముందురోజు సాయంత్రం బండిలో డీజిల్ పోయించడు, చేతికి కంపు అంటుకుంటుందని. "పెళ్ళినాడు కూడా ఇంత ఒళ్ళు తోముకుని స్నానం చెయ్యలేదు ఈ మహానుభావుడు" అని అతని భార్య లవోన్ చర్చి మెట్ల మీద నలుగురి ముందూ అంటుంది. లోవెల్ నవ్వి ఊరుకుంటాడు.

అతనిది పాల ట్యాంకరు తోలే ఉద్యోగం. విస్కాన్సిన్ పడమటి కొండల్లో ఆ మలుపుల రోడ్ల మీద ముప్పయ్యొక్క ఏళ్ళుగా తిరుగుతున్నాడు. ఒకప్పుడు ఇరవయ్యారు పాడి కొట్టాల దగ్గర పాలు ఎత్తేవాడు, ఇప్పుడు తొమ్మిదే మిగిలాయి. ట్యాంకు మూత బిగించాక మైలు దూరం పోయి, బిగించానా లేదా అని బండి ఆపి దిగి చూసుకునే రకం. ఊళ్ళో వాళ్ళు దాన్ని జాగ్రత్త అంటారు. నన్నడిగితే అది జాగ్రత్త కాదు. ఒకసారి చెయ్యి కాలినవాడు ఆరిన పొయ్యిని కూడా తడిమి చూసుకుంటాడు, అంతే.

వేసవంతా రోజూ పొద్దున్నే, కాఫీ నోట్లో పడకముందే, గడ్డి అటక మీద నిలబడి కింద పెరట్లోకి ఒక్క బాణం వేస్తాడు. చెట్టు మీది మంచె కూడా అంత ఎత్తే. జూలై ఎండలో మందపాటి వేట కోటు తొడుక్కుని మరీ వేస్తాడు. ఒక్కటే బాణం. దాన్ని తీసుకుని లోపలికి వెళ్ళిపోతాడు.

"ఇంకోటి వేస్తే నీ సొమ్మేం పోయింది బామ్మర్దీ?" అని అడిగాడొకసారి అతని అక్క మొగుడు మెర్ల్.

"దుప్పి ఇంకోటి వెయ్యనివ్వదు బావా."

"నీతో మాట్లాడేకన్నా ఆవుతో మాట్లాడటం నయం."

వేటకు అందరూ చేరేది అక్క ఆర్డిస్ పొలంలో. అది వాళ్ళ నాన్న సెల్మర్ హాగెన్ పొలం. ఆయన పోయాక ఆర్డిస్, మెర్ల్ చూసుకుంటున్నారు. ఇంటి వెనక పాత ధాన్యపు కొట్టు ఉంది. అందులో ఒక కట్టెల పొయ్యి, పొడవాటి బల్ల, నాలుగు కుర్చీలు. దాన్ని వేట కొట్టు అంటారు. లోపల వెనక గోడనిండా చొక్కా ముక్కలు మేకులకు వేలాడుతుంటాయి. గళ్ళవి, చారలవి, ఉన్నివి. ఒక్కోదాని మీద పేరు, సంవత్సరం.

సెల్మర్ కొట్టులో చట్టాలు రెండే. బాణం గురి తప్పి దుప్పి సురక్షితంగా పోయిందా, వేటగాడి చొక్కా వెనక అంచు కత్తిరించి గోడకు కొడతారు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతారు. తప్పినవాడు మర్నాడు అందరికీ అట్లు పొయ్యాలి. అలా కాక బాణం తగిలి, గాయపడ్డ దుప్పి దొరక్కపోయిందా, కత్తెర బయటకు రాదు, ఎవరూ నవ్వరు. ఆ మనిషి విల్లు తీసి తలుపు పక్క కొయ్యకు తగిలించాలి, మళ్ళీ ఏడాది దాకా ముట్టకూడదు. "అది నీ కంచంలోకి వచ్చినా, నక్కల కడుపులోకి వెళ్ళినా, నీ దుప్పి నువ్వు కొట్టేశావు" అనేవాడు సెల్మర్.

గోడ మీద ముక్కల్లో ఎర్ర గళ్ళది ఒకటి నడిమధ్యన ఉంటుంది. దాని మీద వంకరటింకర అక్షరాలతో "లోవెల్. తప్పింది" అని రాసి ఉంటుంది. పదకొండేళ్ళ కిందటిది. సెల్మర్ తన చేత్తో కత్తిరించిన ఆఖరి ముక్క అది. ఆయన ముక్కులో ప్రాణవాయువు గొట్టం పెట్టుకుని, ఆ కుర్చీలోనే కూర్చుని, చెయ్యి వణుకుతుంటే కత్తిరించాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆ ఫిబ్రవరిలో పోయాడు. కొట్టులోకి కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ఆర్డిస్ ముందు ఆ ముక్క చూపిస్తుంది. "మా నాన్న ఆఖరిసారి నవ్వింది దీనికే" అంటుంది.

ఆమె ఆ మాట అన్నప్పుడల్లా లోవెల్ పొయ్యిలో కట్టె ఎగదోయడానికి వంగుతాడు. కట్టెలు బాగా మండుతున్నా సరే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది ఆ వంగడం. పదకొండేళ్ళలో ఎవరికీ అనుమానం రాలేదు.

ఇప్పుడు చెప్పబోయేది నవంబరు మొదటి శనివారం సంగతి. పోతు దుప్పులు ఆడవాటి కోసం తిండీ నిద్రా మాని తిరిగే రోజులు అవి. లోవెల్ తెల్లవారకముందే వాగులోకి దిగి, కాలి వాసన నేల మీద పడకుండా నీళ్ళలోనే నడిచి, కొండవాలు ఎక్కి మంచె చేరాడు. నడుముకు తాడు కట్టుకున్నాడు. దారి పొడుగునా ఒక్క రెమ్మను కూడా చేత్తో తాకలేదు.

ఇక అక్కణ్ణుంచి దిగులు మొదలైంది. ఆ కొండల్లో గాలి సంగతి తెలిసినవాడికే దిగులు. ఎండ పడకముందు చల్లగాలి వాలు వెంట కిందికి జారుతుంది. ఎండ పడ్డాక వెచ్చబడి పైకి లేస్తుంది. ఆ రెంటికీ మధ్య ఒక పావుగంట అది ఎటూ పోక, చుట్టూ తిరుగుతుంది. ఆ పావుగంటలో మనిషి వాసన ఎవరి ముక్కుకైనా చేరవచ్చు. లోవెల్ జేబులో జిల్లేడు దూదిలాంటి దూది ఉంటుంది. పొలం గట్ల మీది పాలమొక్క కాయలు పగిలినప్పుడు ఏరుకొస్తాడు. ఒక్కో పోగూ తీసి గాలిలో వదులుతాడు, అది ఎటు పోతే తన వాసన అటు పోతున్నట్టు లెక్క.

ఎనిమిదయ్యేసరికి ఎదురు కొండ మీంచి ఎండ ఎర్రగా వచ్చి వాలుకు తగిలింది. వదిలిన దూది కొంత కిందికి పోయి ఆగింది. ఉన్నచోటనే తిరుగుతోంది. పడమట మబ్బు పడుతోంది, ఈ ఎండ ఎంతసేపో తెలియదు. సరిగ్గా అప్పుడే ఎడమ పక్క ఆకులు చప్పుడయ్యాయి.

పోతు దుప్పి. మెడ లావెక్కి, కొమ్ములు ఓక్ బెరడు రంగులో ఉన్నాయి. తల దించుకుని కొండ మధ్యగా ఉన్న చదును దారిన నడిచొస్తోంది. ఇరవై రెండు అడుగుల దూరంలో ఒక లావుపాటి ఓక్ చెట్టు. దుప్పి తల ఆ చెట్టు వెనక్కి పోగానే లోవెల్ నారి లాగాడు. అంతవరకూ అన్నీ సరిగ్గానే చేశాడు. అవతల పక్కకు రాగానే నోటితో చిన్నగా "మే" అని అనాలి. దుప్పి ఒక్క క్షణం ఆగి చూస్తుంది. అప్పుడు వదలాలి. వేసవంతా అటక మీద అదే చేశాడు. బాణం వదిలే ముందు పెరట్లో కోళ్ళకేసి "మే" అని అరిచేవాడు.

కానీ కళ్ళముందు దూదిపోగు దుప్పి వైపే తేలుతూ పోవడం కనిపించింది. వాసన పట్టేస్తుంది, ఇంకొక్క క్షణంలో పట్టేస్తుంది అనుకున్నాడు. నోరు మెదపకుండానే, నడుస్తున్న దుప్పి మీద బాణం వదిలేశాడు. అది ఇంకొక అడుగు ముందుకేసింది. ఊపిరితిత్తుల్లో దిగాల్సిన బాణం జానెడు వెనక దిగింది.

దుప్పి ఎగిరి దూకలేదు. వీపు గూనిలా పైకి లేపి, తోక ముడుచుకుని, కడుపునొప్పి వచ్చిన మనిషిలా అడుగులో అడుగేసుకుంటూ వాలు దిగి వెళ్ళిపోయింది. ఆఖరిసారి కనిపించింది పిడుగుపడి కాలిన మోడు దగ్గర. ఆ మోడు దాటితే దట్టమైన సెడార్ పొదలు. లోవెల్‌కు ఆ నడక తెలుసు. ఒకసారి చూశాడు. మంచె మీద కూర్చుని చేతులు తొడల కింద పెట్టుకున్నాడు.

గంటసేపు కదల్లేదు. తర్వాత కొండ అవతలి వైపుగా దిగి, చుట్టూ తిరిగి వచ్చి, దుప్పి ఒంట్లోంచి దూసుకుపోయి నేలలో గుచ్చుకున్న బాణం మాత్రం ఏరుకున్నాడు. ఈకలకు ఆకుపచ్చటి జిగురు అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకోకుండానే కంపు కొట్టింది. పొట్టదెబ్బ.

పొట్టదెబ్బ తిన్న దుప్పి చస్తుంది, అందులో సందేహం లేదు. కానీ మెల్లగా చస్తుంది. దాన్ని కదపకపోతే దగ్గర్లోనే ఓ పొద కింద పడుకుని, ఏడెనిమిది గంటల్లో ప్రాణం విడుస్తుంది. తొందరపడి వెంట వెళ్ళావా, లేచి, పేగుల్లో మంటతో మైళ్ళకు మైళ్ళు పోతుంది. రక్తం బయటకు చుక్కే కారుతుంది గనుక జాడ కూడా దొరకదు. ఆలస్యం అమృతం విషం అంటారు పెద్దలు. ఈ ఒక్క పనిలో మాత్రం తొందరే విషం. కొండ ఎక్కే ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. తెలిసీ ఆగలేరు. ఆ పొద్దున ఆగడానికి వీల్లేని కారణం కూడా ఒకటి పడమటి ఆకాశంలో నల్లగా లేస్తోంది.

వేట కొట్టుకు నడిచి వస్తున్నంతసేపూ అతని మనసులో ఒకే ఆలోచన తిరిగింది. బాణం పొదలో పారేసి 'తప్పింది' అనొచ్చు. ఎవరు చూశారు? చొక్కా కత్తిరిస్తారు, నవ్వుతారు, రేపు అట్లు పోస్తాడు. ఒకసారి అలా గడిచిపోయింది కదా. ఆ ఆలోచన వదిలించుకోవాలని అడుగు వేగం పెంచాడు. అయినా అది వదల్లేదు. బాణాన్ని గుడ్డలో చుట్టి కోటు లోపల దాచుకుని తలుపు తోశాడు.

లోపల మెర్ల్ పెనం మీద దుప్పిమాంసం సాసేజీలు తిప్పుతున్నాడు. ఆర్డిస్ బల్ల దగ్గర బంగాళాదుంపలు చెక్కుతోంది. ఆమెకు అరవయ్యారేళ్ళు, లోవెల్ కన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే.

"మొహం చూస్తే గురి తప్పినట్టే ఉందే" అన్నాడు మెర్ల్. "ఏం బామ్మర్దీ, కత్తెరకి పదును పెట్టమంటావా?"

"నిన్న కొన్న చొక్కా కాదు గదరా అది?" అంది ఆర్డిస్. "లవోన్ నన్ను చంపుతుంది."

'తప్పింది' అన్న మాట లోవెల్ నోటిదాకా వచ్చింది. పళ్ళ వెనకే ఉంది. గోడ మీద ఎర్ర గళ్ళ ముక్క కనిపిస్తోంది. అతను కోటు లోపలినుంచి గుడ్డ తీసి బల్ల మీద విప్పాడు.

"తగిలింది" అన్నాడు. "వెనగ్గా."

మెర్ల్ పెనం దింపి వచ్చి, బాణం ఎత్తి వాసన చూసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. "పొట్ట. ఎన్నింటికి?"

"ఎనిమిదింబావుకి."

"ఫోన్లో చూశావా? ఒంటిగంటకల్లా వాన. చినుకులు కాదు, కుండపోత. పద, బూట్లేసుకుంటున్నా. జాడ ఉన్నప్పుడే పోవాలి."

"వద్దు బావా. నాలుగింటిదాకా ఎవరూ వాలు దిగొద్దు."

"నాలుగింటికి ఏముంటుందక్కడ? నెత్తురంతా కడుక్కుపోయి వాగులో కలుస్తుంది. చీకటిపడే ముందు గంటన్నర టైములో నువ్వూ నేనూ పొదలు దువ్వుతూ కూచుంటాం. ఈలోగా కయోటీ నక్కలు వాసన పడితే తోక కూడా మిగల్చవు."

"తెలుసు."

"తెలిసి కూడా కూచుంటానంటావేంట్రా? నీ జాగ్రత్త తగలెయ్య. నువ్వు పాలబండి మూత పదిసార్లు చూసుకునేవాడివి, నీ మాట విని ఇక్కడ కాఫీ తాగుతూ కూచోనా?" మెర్ల్ అప్పటికే ఒక బూటు తొడిగేశాడు. "కదిపితే లేస్తుందని పుస్తకాల్లో రాస్తారు. నువ్వు కళ్ళారా చూశావా ఎప్పుడైనా?"

"చూశాను" అన్నాడు లోవెల్.

మెర్ల్ రెండో బూటు చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. లోవెల్ గోడ వైపు చెయ్యి చూపించాడు. ఎప్పుడూ అటు చూడనివాడు ఆ వేళ తిన్నగా చూశాడు.

"అది తప్పలేదు. ఆ రోజు కూడా పొట్టలోనే దిగింది. నాన్న ఇక్కడ కిటికీ దగ్గర కూచుని ఉన్నాడు, ఆ గొట్టం పెట్టుకుని. ఆయనకి టైము లేదనిపించింది. ఆయన కళ్ళముందు తెచ్చి పడెయ్యాలని ఇరవై నిమిషాలు కూడా ఆగలేదు, వెంటబడ్డాను. వందడుగుల్లో పడుకుని ఉంది అక్కా, పొద కింద. తల దించేసుకుని. నన్ను చూసి లేచింది. నాలుగు మైళ్ళు పోయాను దాని వెనక, మూడు పొలాలు దాటి, పెద్ద రోడ్డు దాకా. ఆ తర్వాత ఒక్క చుక్క లేదు."

సాసేజీలు చల్లబడి కొవ్వు తెల్లగా పేరుతోంది.

"వచ్చేసరికి నాన్న 'తగిలిందా' అన్నాడు. 'తప్పింది నాన్నా' అన్నాను. కత్తెర తెమ్మన్నాడు."

ఆర్డిస్ చేతిలో చాకు బల్ల మీద పెట్టింది. "ఆ ఏడాది నువ్వు వేట మానలేదు. రోజూ వెళ్ళావు."

"వెళ్ళాను. మంచెక్కి కూచున్నాను. బాణాలు బండిలోనే వదిలేసేవాణ్ణి."

"మూడు వారాలా?"

"నాలుగు."

ఆమె లేచి పొయ్యి దగ్గరకు పోయి, వాళ్ళకు వీపు పెట్టి నిలబడింది. "నాన్న ఆఖరిసారి నవ్వింది అబద్ధానికన్నమాట. పదకొండేళ్ళుగా దాన్ని ఊరందరికీ చూపిస్తున్నాను నేను. నువ్వు అక్కడే కూచుని చూపించనిచ్చావు."

మెర్ల్ నెమ్మదిగా తొడిగిన బూటు కూడా విప్పేశాడు. "నాలుగింటికే పోదాం" అన్నాడు.

ఆ తర్వాత గడిచిన గంటలు ఎలాంటివో లోవెల్ ఇప్పటికీ సరిగా చెప్పలేడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పోతే దుప్పి లేస్తుంది, పోకపోతే జాడ చెరిగిపోతుంది. పదింటికి కిటికీ దగ్గర నిలబడ్డాడు. పదకొండింటికి కాకులు నాలుగు సెడార్ పొదల మీద గుండ్రంగా తిరిగాయి. కాకులు చేరాయంటే శవం ఉన్నట్టు, కానీ అవి వాలకుండానే వెళ్ళిపోయాయి. అంటే ఇంకా బతికి ఉందా? ఇంకా ఆ నొప్పితో కళ్ళు తెరుచుకుని పడుకుని ఉందా? ఆ ఊహకే అతను కాలుగాలిన పిల్లిలా గది ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాడు. నోట్లో ముద్ద పెట్టలేకపోయాడు. ఆర్డిస్ దుంపలు ఉడకబెట్టి కంచంలో పెట్టింది, కంచం అతని ముందుకు తోసింది, మాట మాత్రం లేదు. చిన్నప్పుడు అతను అద్దం పగలగొట్టినప్పుడు కూడా ఇలాగే రెండురోజులు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు.

పన్నెండున్నరకే వాన వచ్చింది. రేకుల కప్పు మీద ముందు వేళ్ళతో కొట్టినట్టు మొదలై, కాసేపటికి గుప్పిళ్ళతో రాళ్ళు విసిరినట్టు అయ్యింది. ఒక్కో చుక్క నెత్తురూ ఆకుల మీంచి కడుక్కుపోతుంటే తన ఒంట్లోంచి పోతున్నట్టే ఉంది అతనికి. రెండింటికి వాగు అవతలి గుట్ట మీద కయోటీ ఒకటి కూసింది. పగలు కూయవు అవి. లోవెల్ కోటు అందుకున్నాడు.

"కూచో" అన్నాడు మెర్ల్. పొద్దున తొందరపడ్డవాడే అన్నాడు ఆ మాట.

"అది దగ్గర్లోనే కూసింది బావా."

"కూస్తే కూసింది. రెండు గంటలు. నువ్వే చెప్పావు, పుస్తకం కాదుగా."

లోవెల్ కూర్చున్నాడు. కోటు ఒళ్ళోనే పెట్టుకున్నాడు. గోడ మీది గడియారం పెద్దముల్లు ఎప్పుడూ లేనంత బద్ధకంగా కదిలింది. అతను మనసులో లూథరన్ చర్చిలో నేర్చిన ప్రార్థన మొదలుపెట్టి, దేవుణ్ణి ఏమని అడగాలో తేలక మధ్యలో వదిలేశాడు. త్వరగా చావనివ్వమని అడగాలా, వాన ఆపమని అడగాలా?

నాలుగు కావడానికి ఐదు నిమిషాలుందనగా ఆర్డిస్ లేచి తన బూట్లు తొడుక్కుంది. ఆమె వస్తుందని వాళ్ళు అనుకోలేదు. మోకాళ్ళ నొప్పులతో రెండేళ్ళుగా ఆ వాలు దిగలేదు ఆమె.

వాన సన్నబడింది. ఓక్ చెట్టు దగ్గర, అనుకున్నట్టే, ఏమీ లేదు. ఆకులు శుభ్రంగా కడిగిన గిన్నెల్లా ఉన్నాయి. కాలిన మోడు దగ్గరా ఏమీ లేదు. ముగ్గురూ పదేసి అడుగుల ఎడంతో వరుసగా నిలబడి, మాట లేకుండా, అడుగు తీసి అడుగు వేస్తూ పొదల్లోకి దిగారు. లోవెల్ నారికి బాణం ఎక్కించి ముందు నడిచాడు. తడి నేల మీద అడుగుల చప్పుడు వినబడలేదు, వాన చేసిన మేలు అదొక్కటే. ప్రతి పొద కిందా వంగి చూశాడు. మొద్దు కనిపించినా దుప్పి అనుకున్నాడు, రాయి కనిపించినా దుప్పి అనుకున్నాడు. వాగు చప్పుడు దగ్గరవుతోంది. వాగు దాటితే పొరుగు పొలం. వాగు దాటి పోయిందంటే ఇక దింపుడుకళ్ళం ఆశే.

"లోవెల్" అంది ఆర్డిస్. పొద్దుటినుంచి అతని పేరు పలకడం అదే మొదలు. ఆమె చెయ్యి ముందుకు చాచి ఉంది.

రెండు సెడార్ చెట్ల మధ్య తెల్లటి పొట్ట కనిపించింది. ఒక పక్కకు ఒరిగి, తల మడిచిన కాళ్ళ మీద పెట్టుకుని ఉంది. కొమ్ముల మీద వాననీళ్ళు నిలిచాయి. లోవెల్ వెనకనుంచి వెళ్ళి బాణం మొనతో కంటికి తాకించాడు. కదల్లేదు. ఎప్పుడో పోయింది, బిగుసుకుపోయింది కూడా. రెండడుగుల దూరంలో ఇంకో చోట ఆకులు నలిగి గుంటపడి ఉంది. ముందు అక్కడ పడుకుంది. ఒకసారి లేచి, రెండడుగులేసి, మళ్ళీ ఇక్కడ పడుకుంది. అంతే దాని ప్రయాణం. కయోటీలు ముట్టలేదు.

మెర్ల్ టోపీ తీసి బామ్మర్ది వీపు మీద ఒక్క చరుపు చరిచాడు. ఏదో వేళాకోళం అనబోయి, లోవెల్ మొహం చూసి మానుకున్నాడు.

లోవెల్ వెనుదిరిగి వాలు ఎక్కుతున్నాడు. ఏం చేస్తున్నాడో వాళ్ళకు వెంటనే అర్థం కాలేదు. కాలిన మోడు దాటి, ఓక్ చెట్టు దాకా పోయి ఆగాడు. అక్కడ కాసేపు నిలబడి, మళ్ళీ దిగి వచ్చాడు. పెదవులు కదులుతున్నాయి.

"ఎన్ని?" అంది ఆర్డిస్.

"నూటనలభై అడుగులు."

అని, తడి ఆకుల మీద, దుప్పి పక్కనే కూలబడి ఏడ్చాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మూడు పొలాలు దాటి నాలుగు మైళ్ళు పరిగెత్తిననాడు కూడా ఏడవనివాడు.

"ఇంతే అక్కా. అప్పుడు కూడా ఇంతే. కూచుంటే చాలు. నాన్నకి టైము లేదనుకున్నాను."

ఆర్డిస్ మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా వంగి, చెట్టు ఆనుకుని అతని పక్కన కూర్చుంది.

"ఫిబ్రవరి దాకా ఉన్నాడు గదరా" అంది. "ఎనిమిది గంటలు ఆగలేకపోయేవాడా? కొట్టులో కుర్చీ ఇంకాస్త ముందుకి లాక్కుని, నీతోపాటే కిటికీలోంచి చూస్తూ కూచునేవాడు. అంతకన్నా ఏం పనుంది ఆయనకి?"

వాన పూర్తిగా ఆగేదాకా వాళ్ళు అలాగే కూర్చున్నారు. తర్వాత పొట్ట చీల్చి శుభ్రం చేశారు. పాడైన చోట కోసి పారేసినా, తొడలూ వీపూ బాగానే ఉన్నాయి. మెర్ల్ కొమ్ములకు తాడు కట్టాడు. చీకటి పడకముందే ముగ్గురూ కలిసి కొట్టు దాకా లాక్కొచ్చారు.

లోపలికి రాగానే ఆర్డిస్ చేతులు కడుక్కుని, తిన్నగా గోడ దగ్గరకు వెళ్ళి, ఎర్ర గళ్ళ ముక్క మేకులోంచి లాగింది. లోవెల్ ఆమె దాన్ని పొయ్యిలో వేస్తుందనుకున్నాడు. వేస్తే వెయ్యనీ అనుకున్నాడు కూడా. ఆమె దాన్ని బల్ల మీద పరిచి, అరచేత్తో సాపు చేసి, అతని ముందు నల్లసిరా కలం పెట్టింది.

"నాన్న రాసింది చెరపకు. కింద చోటుంది, రాయి."

"ఏం రాయను?"

"పొద్దున మీ బావకి చెప్పావే, అదే."

లోవెల్ కలం మూత తీశాడు. సెల్మర్ వంకరటింకర అక్షరాల కింద అంతకన్నా వంకరగా రాశాడు: "తగిలింది. ఆగలేదు."

ఆర్డిస్ చదివి, తల ఊపి, దాన్ని మళ్ళీ నడిమధ్యన, అదే మేకుకు తగిలించింది. మెర్ల్ పొద్దుటి సాసేజీలు పెనం మీద వేసి వేడి చేస్తున్నాడు.

"ఉల్లిపాయ వెయ్యమంటావా బామ్మర్దీ?" అన్నాడు.

"వెయ్యి" అన్నాడు లోవెల్.